సబ్మిట్ బటన్ మీద సముద్రం

ఆగస్టు 3, 2014, ఆదివారం

ముందుగా భావితరాలకు సాష్టాంగ క్షమాపణ. ఈ పుటల్లో యుద్ధాలు లేవు, ప్రేమలు లేవు. ఉన్నదల్లా మా ఇంటి కంప్యూటరూ, దానికి పట్టిన యాడ్ల పీడా. బీసీఏ చదివిన పాపానికి దాన్ని వదిలించే భారం నా మీద పడింది.

నేరస్థుడు నాన్న. తాతయ్య తద్దినం శ్రావణ బహుళంలో వస్తుంది. పున్నమి దాటగానే గోడమీది హిందీ క్యాలెండర్ భాదో, అంటే భాద్రపదం, మొదలంటుంది, మనకేమో ఇంకా శ్రావణమే. ఈ గొడవంతా ఎందుకని నెట్‌లో ఫ్రీ తెలుగు పంచాంగం దించాడు. అది అడిగిన ప్రతిదానికీ నెక్స్ట్, నెక్స్ట్ కొట్టాడట. అరే యార్, పంచాంగం తెస్తే పాపమా అని పైగా నన్నే దబాయింపు.

ఇప్పుడు ఏ పేజీ తెరిచినా బీచ్ హోటళ్ల యాడే. కిందనుంచి నీలంగా ఒక అల లేచి, తొందరేమీ లేకుండా పేజీని ముంచేస్తుంది.

ఆగస్టు 4

అక్క భావన రైల్వే జాబ్‌కి అప్లై చేస్తోంది. శుక్రవారం లాస్ట్ డేట్. సబ్మిట్ దాకా వెళ్లేసరికి సముద్రం వచ్చేసిందట. నా జాబ్ మునిగిందంటే నిన్నూ ముంచుతా, జల్దీ కర్ బే అంది.

ఆగస్టు 5

తీసేద్దామని కూర్చున్నాను. వెనక నాయనమ్మ శేషమ్మ. కళింగపట్నంలో పుట్టిన మనిషి. తాతయ్య ఉద్యోగం వెంట సముద్రం లేని ఈ హిందీ ఊరికొచ్చాక మళ్లీ సముద్రం మొహం చూడలేదు. ఓలమ్మో, ఈ పెట్టెలోకి ఇదెప్పుడొచ్చినాదిరా అంటూ కుర్చీ లాక్కుంది. అల లేచినప్పుడల్లా కాళ్లు పైకి ముడుచుకుంది. కుచ్చిళ్లు తడుస్తాయట.

నేనూ ముడుచుకున్నాను. ఎందుకో తెలీదు.

ఆగస్టు 6

ఏమీ తీయలేదు.

ఆగస్టు 7, సాయంత్రం

ప్రత్యామ్నాయ జలవనరుగా నాయనమ్మను స్కూటీ మీద తెలీబంధా తలావ్‌కి తీసుకెళ్లాను. చాలాసేపు చూసింది. నీళ్లు బాగున్నాయి గానీ దీనికి ఊపిరి లేదురా నాయినా, సెరువు కదా అంది.

తిరిగొస్తూ నా వీపుకి చెంప ఆనించి, చిన్నప్పుడు ఒడ్డున విన్న, వలలు లాగేవాళ్ల పాటేదో కూనిరాగం తీసింది. సిగ్నల్ దగ్గర ఆగితే, ఆటోల మధ్యలోంచి ఉప్పువాసన వచ్చింది. సైన్సు దీన్ని ఒప్పుకోదు. నా డిగ్రీ అసలే ఒప్పుకోదు.

గుమ్మంలో అక్క. రేపే లాస్ట్ డేట్, నీ నౌటంకీ ఆపు అంది.

ఆగస్టు 8

కూర్చున్నాను. కంట్రోల్ పానెల్లో పంచాంగం, అన్‌ఇన్‌స్టాల్. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిస్తే, మేమెవరమూ పెట్టనిది ఒకటి అమాయకంగా కూర్చుని ఉంది. రిమూవ్. సెట్టింగ్స్ రీసెట్. పేజీ తెల్లగా, ఆరిన ఇసకలా మిగిలింది. అక్క అప్లికేషన్ వెళ్లిపోయింది. నా తల నిమిరి, పనికొచ్చావురా గాడిదా అంది. తిథి సంగతి విజయనగరం అత్తకి ఫోన్ చేసి అడుగుతానన్నాడు నాన్న.

నాయనమ్మ కుర్చీ దిగలేదు. పోటు తగ్గినట్టుంది, మళ్లీ వస్తాదిలే అంది.

ఆగస్టు 9

మధ్యాహ్నం మిగతా అందరూ పడుకున్నారు. కంప్యూటర్ ముందునుంచి మామూలుగా నడిచి వెళ్తుంటే, పక్కకి జరగరా, తడిసిపోతావు అని నాయనమ్మ కసిరింది. జరిగాను.

ఒప్పుకుంటున్నాను. ఈ వారంలో నేను నిజంగా చేసింది ఒక్కటే. మా ఇంట్లో ఎవరూ వాడని ఇంకో బ్రౌజర్ ఉంది, అందులోనూ అదే అల లేస్తుంది. దాన్ని బాగు చేయకుండా వదిలేసి, నాయనమ్మ వేలు పట్టుకుని డబుల్ క్లిక్ నేర్పాను.