ఉత్తరం చివర ఇంగ్లీషు ముక్క

తిరువూరు,
12-5-74

చిరంజీవి దశరథరామయ్యకు బావ జగన్నాథరావు ఆశీస్సులు.

ఇక్కడ నేనొక్కణ్ణే క్షేమం. మీ అక్క రావమ్మ వినగడపలో మీ అమ్మ దగ్గర క్షేమం. వంటింట్లో ఫ్యాను పెట్టించమంది. ఫ్యాను తిరిగితే పొయ్యి మండుతుందటయ్యా? కుదరదన్నాను. సాయంత్రానికి మెత్తబడేవాణ్ణే, ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. చివర నువ్వు రాసిన ఇంగ్లీషు ముక్క అంతోనయ్య మాస్టారు విడమరిచి చెప్పాక నాకు కొండంత ధైర్యం వచ్చింది. బిగుసుకు కూర్చున్నాను. ఆవిడ పెట్టె సర్దుకుంది.

నీ బావ

తా.క. హోటల్లో తింటున్నాను. సాంబారు గురించి కూడా మిలటరీ మాటేదైనా ఉంటే రాయి.

---

జబల్‌పూరు,
20-5-74

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

నా ఇంగ్లీషు మీకు నచ్చినందుకు సంతోషం. కానీ ఫ్యాను కోసం అక్కను పంపించేస్తారా? వెంటనే వినగడప వెళ్ళి బతిమాలి తెచ్చుకోండి. మీరు కాస్త తగ్గితే పోయేదేం లేదు.

స్టిక్ టు యువర్ గన్స్.

దశరథరామయ్య

---

తిరువూరు,
29-5-74

చిరంజీవి దశరథరామయ్యకు,

నీ కార్డు చూసి మతిపోయింది. పైన బతిమాలమంటావు. కింద 'పట్టిన పట్టు విడవకు' అంటావు! ఏది చెయ్యను? మిలటరీలో చివరి ఆర్డరే ఆర్డరన్నారు మాస్టారు. అయినా మనసాగక బస్సెక్కాను. ఫ్యాను పెట్టిస్తాను, రావే అన్నాను. మీ అక్క తనకు నువ్వు రాసిన కార్డు తీసి నా ముందు పడేసింది. చివర అదే ముక్క! ఆవిడా పోస్టుమాస్టరుతో అర్థం చెప్పించుకుందట. "మా తమ్ముడు పట్టు విడవద్దన్నాడు. వాడు మాట వెనక్కి తీసుకుంటే గానీ రాను" అంటుంది. అసలు నువ్వెవరి పక్షం?

ఆవిడ లేని ఇల్లు ఇల్లులా లేదయ్యా. దిగులుగా ఉంది.

నీ బావ

తా.క. మీ అమ్మకీ అదే రాశావట. ఆవిడ నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

---

జబల్‌పూరు,
6-6-74

బావగారికి,

క్షమించండి. అది పట్టుదల మాటని నాకు తెలియదు. మా కెప్టెన్‌గారు ఎవరికి రాసినా చివర అదే రాస్తారు. మనం 'ఇంతే సంగతులు, చిత్తగించవలెను' అన్నట్టు, ఇంగ్లీషులో ఉత్తరం అలా ముగించాలనుకున్నాను. వినడానికి గొప్పగా ఉందని అందరికీ రాస్తున్నాను.

ఈ కార్డు అక్కకు చూపించండి. అక్కా, ఆర్డరు రద్దు. ఇంటికి వెళ్ళు. ఫ్యాను మాత్రం వదలకు.

ఇంతే సంగతులు.

దశరథరామయ్య

తా.క. రెడ్డిగూడెంలో పుట్టింట ఉన్న మా శివపార్వతి, ఈ ఊరి చలికి భయపడి కాపురానికి రానంది. రమ్మని ఏడాదిగా బతిమాలుతూ రాస్తున్నాను, ప్రతి ఉత్తరం చివరా అదే ముక్క పెట్టి. ఎస్సెల్సీ పాసైన మనిషి బావగారూ, ఇంగ్లీషు బాగా వచ్చు. నా మాట అసలు జవదాటదు.