నాలుగో కాల్

కార్డుల మేనేజర్ గారికి,

కర్దనూర్ నుంచి నమస్కారం పెట్టి రాస్తున్నాను సార్. క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెట్టిననాడు ఏడు రోజుల్లో వస్తుందన్నారు. నా భార్య రవళి ఆపరేషన్‌కు ఆసుపత్రివాళ్లు కార్డు తీసుకుంటామన్నారని ఆ మాటే నమ్ముకున్నాను. ఇరవై రోజులైనా రాలేదు. బ్రాంచికి వచ్చి అడిగితే కౌంటర్‌లో అమ్మాయి, "వెరిఫికేషన్‌కు మూడుసార్లు ఫోన్ చేసినం అన్నా, నువ్వు ఎత్తలే. సోమవారం ఇంకొక్కసారి చేస్తం, గంతే" అన్నది.

ఎలా ఎత్తను? మాది మందుల కంపెనీ. లోపల సాల్వెంట్ ఆవిరికి నిప్పంటుకుంటుందని ఫోన్లు గేటు దగ్గర డబ్బాలో పెట్టిస్తారు. మీరు చేసేదేమో షిఫ్టు వేళల్లోనే. అందుకే సోమవారం ఫోన్ సాక్సులో దాచుకుని లోపలికి పోయాను. తప్పే, ఒప్పుకుంటున్నాను.

పదకొండింటికి, మందు తయారయ్యే రియాక్టర్ ట్యాంకు దగ్గర ఉండగా మీ కాల్ వచ్చింది. "ప్రస్తుతం అక్కడే పని చేస్తున్నారా?" అని అడిగారు. "చేస్తున్న మేడం" అన్నాను. వెనక్కి తిరిగితే సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు.

"రియాక్టర్ పక్కన ఫోనా? అందర్ని సంపుతవా? గేట్‌పాస్ ఇచ్చి ఇగ నడువు, రేపటిసంది పనికి రాకు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

నిన్న కార్డు మంజూరైందని మెసేజ్ వచ్చింది. రవళికి ఆ ఒక్క సంగతే చెప్పాను. ఆసుపత్రికి బట్టలు సర్దుకుంటున్నది. ఆ కార్డు నేను వాడవచ్చా సార్? అబద్ధం చెప్పి తీసుకున్నానని రేపు కేసు పెట్టకండి. మీ రికార్డింగ్ వినండి. ఆ మాట అన్నప్పుడు నేను పనిలోనే ఉన్నాను. ఫోన్ పెట్టేసరికి లేను.

ఇట్లు,
నాలుగోసారి ఫోన్ ఎత్తినవాడు