వెనక నంబరు 555

నవంబరు 3, సోమవారం. ఉదయం 7.10

ఈ రోజు నుంచి వాదన బంద్.

ఏ వాదన అన్నది కూడా రాసిపెడుతున్నాను, రేపు నేనే తప్పించుకోకుండా. అన్ని ఆటలూ, అన్ని కాలాలూ కలిపి చూస్తే అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు? ఈ ఒక్క ప్రశ్న మీద నేనూ ఎబినేజర్ అన్నా పంతొమ్మిదేళ్లుగా కొట్లాడుకుంటున్నాం. ఆయన పామాయిల్ మిల్లులో కాంటా దగ్గర పని చేస్తాడు. గెలల ట్రాక్టర్లు తూస్తాడు. డ్యూటీ దిగగానే నేరుగా నా టైలరింగ్ షాపుకొచ్చి బల్ల మీద కూర్చుంటాడు. ఆయన క్రికెట్ బ్రాడ్‌మన్ అంటాడు. నేను స్క్వాష్ జహంగీర్ ఖాన్ అంటాను. మా అశ్వారావుపేటలో స్క్వాష్ ఆడే చోటు లేదు. అది వేరే విషయం.

బంద్ ఎందుకంటే: ఈ వాదనలోనే పడి, పోయిన సంవత్సరం స్కూలు అమ్మాయిల కబడ్డీ జట్టు జెర్సీలు, ఆట అయిపోయిన మర్నాడు ఇచ్చాను. పిల్లలు యూనిఫాంలోనే ఆడి మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయారు. ఆ జట్టులో నా కూతురు ఆతియా ఉంది. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు "ఉప్పు ఇటు జరుపు" అంది.

ఈసారి ఆతియా కెప్టెన్. పోటీలు 16న భద్రాచలంలో. జెర్సీలు పన్నెండు. అక్కడే రాష్ట్ర జట్టుకు సెలెక్షన్ కూడా చేస్తారు. పీఈటీ ఏంజెల్ మేడం ఆర్డరు మళ్లీ నాకే ఇచ్చింది, పిల్ల ముఖం చూసి. నా భార్య ఖతీజా అన్నం దగ్గర ఒకే మాట అంది.

"ఈసారి గూడ గట్లనే అయితే ఆ పిల్లకు మీరే జవాబు చెప్పుకోవాలె. నేను మధ్యల రాను."

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నాకు నలభై ఏడు. చూద్దాం.

సాయంత్రం 5.40

ఎబినేజర్ అన్నకు చెప్పేశాను. పెద్దమనిషి, అర్థం చేసుకున్నాడు.

"మంచిదే భాయ్. ఆట ముచ్చట బంద్ పెడదాం. వేరే ముచ్చట చెప్పుకుందాం."

5.50. వేరే ముచ్చట ఇంకా దొరకలేదు.

6.15. వెళ్లిపోయాడు. మూడు జెర్సీలు కత్తిరించాను. ఇంత సులభమని తెలిస్తే పంతొమ్మిదేళ్ల కిందే మానేసేవాణ్ణి.

నవంబరు 4, మంగళవారం

కత్తిరించినవి: పన్నెండుకు పన్నెండు. వాదన: సున్నా. ఆతియా షాపులోకి వచ్చి గుడ్డల కట్ట చూసి, నాకు చాయ్ పోసి ఇచ్చింది. పోయిన సంవత్సరం నుంచి ఆ చేతి చాయ్ తాగలేదు.

నవంబరు 5, బుధవారం

సాయంత్రం 5.35. ఎబినేజర్ అన్న వచ్చాడు. కూర్చున్నాడు. కాసేపు సీలింగ్ ఫ్యాను చూశాడు. తర్వాత నాతో కాదు, కుట్టుమిషనుతో అన్నాడు.

"సచిన్ కొట్టిన వంద సెంచరీలు మొత్తం టెస్టులల్లనే అట గదా."

టెస్టుల్లో 51, వన్డేల్లో 49. ఈ సంగతి ఆయనకు నాకంటే ముందే తెలుసు. కావాలనే అన్నాడు. పళ్లు బిగబట్టి మెడపట్టీ కుట్టాను. మెడపట్టీ వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ వంకర పోయింది. 5.52కి చెప్పేశాను.

తప్పు సరిచేయడం వాదన కిందికి రాదు.

ఏడున్నర దాకా సరిచేసుకున్నాం.

నవంబరు 7, శుక్రవారం

నమాజుకు వెళ్లి వచ్చేసరికి షాపులో బల్ల లేదు. వెనక మా వంటింట్లో ఉంది. దాని మీద బియ్యం బస్తా ఉంది.

"బల్ల ఉంటెనే గదా మనిషి కూసునేది," అంది ఖతీజా. నాకూ సబబుగానే అనిపించింది.

సాయంత్రం ఎబినేజర్ అన్న వచ్చి, బల్ల ఉండే చోటు చూసి, నిలబడ్డాడు. నిలబడి మాట్లాడితే తొందరగా అయిపోతుందనుకున్నాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. అయినా ఇది వాదన కాదు, చర్చ. వాదనలో గొంతు పెరుగుతుంది. మాకు పెరిగింది ఒక్కసారే, అదీ ఫుట్‌బాల్ దగ్గర.

కుట్టినవి: నాలుగు.

నవంబరు 9, ఆదివారం

ఎబినేజర్ అన్న చర్చి నుంచి వస్తూ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నాడు. పాస్టరు గారిని అడిగే తెచ్చానన్నాడు. దేవుడి కుర్చీని కాదనడానికి నేనెవరిని.

కుట్టినవి: ఐదు. నిన్నటికీ ఇవాళ్టికీ కలిపి ఒకటి.

నవంబరు 11, మంగళవారం

తెల్లారి లేచి కూర్చున్నాను. మధ్యాహ్నం రెండుకల్లా పన్నెండూ పూర్తి. ఐదు రోజుల ముందే. ఈ షాపు చరిత్రలో పెళ్లి షేర్వానీ కూడా ఇంత ముందు పోలేదు.

ఇక మిగిలింది వెనక నంబర్లు వేయించడం. సత్తుపల్లిలో శ్రీనివాస్ ప్రింటు వేస్తాడు. ఆతియా నా కొలతల పుస్తకంలో ఒక పేజీ గీసింది. పన్నెండు పేర్లు, పక్కన సైజులు, చివర 'వెనక నంబరు' అని ఒక వరస. ఆ వరస ఖాళీ.

"నంబర్లు మేడంను అడిగి రేపు చెప్త పప్పా. ఈ పేజీ ఖరాబు చెయ్యకు."

"నేనెందుకు ఖరాబు చేస్త బేటా."

సాయంత్రం 5.30. పని అయిపోయింది కాబట్టి మనసు తేలికగా ఉంది. ఎబినేజర్ అన్న ఒక మంచి మాట చెప్పాడు.

"ఇయ్యాల తేల్చేద్దాం భాయ్. తేలిందనుకో, ఇగ వాదించేటందుకు ఏముంటది?"

ఆలోచిస్తే నిజమే. వాదన మానాలంటే ముందు అది ముగియాలి. ఆయన కాంటా పద్ధతి చెప్పాడు.

"పేర్లు రాయొద్దు. పేరు చూస్తె అభిమానం అడ్డమొస్తది. మా కాంటా మీద ట్రాక్టర్ ఎవరిదని చూడం, తూకమే చూస్తం. అంకెలు రాద్దాం, చాలు."

చేతికి అందిన పుస్తకం తీశాడు. పన్నెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. పన్నెండుమంది సరిపోతారు. ఆయనే పెన్నుతో, కాంటా రసీదు మీద రాసినట్టు చక్కగా రాశాడు:

99.94 (బ్రాడ్‌మన్ సగటు)
555 (జహంగీర్ ఖాన్ వరుసగా ఓడని మ్యాచ్‌లు, అలా చెబుతారు)
23 (ఫెల్ప్స్ బంగారు పతకాలు)
9.58 (బోల్ట్, వంద మీటర్లు)
122 (మోజెస్ వరుసగా గెలిచిన హర్డిల్స్ పరుగులు)
100 (సచిన్)
14 (నడాల్, పారిస్‌లో టెన్నిస్ టైటిళ్లు)
3 (పీలే ప్రపంచ కప్పులు)
3 (ధ్యాన్‌చంద్ ఒలింపిక్ బంగారాలు)
800 (మురళీధరన్ టెస్టు వికెట్లు)
400 (లారా, ఒక్క టెస్టు ఇన్నింగ్స్‌లో)
6 (జోర్డాన్, బాస్కెట్‌బాల్ టైటిళ్లు)

బ్రాకెట్లలోవి ఇక్కడ గుర్తు కోసం నేను రాసుకున్నవి. పుస్తకంలో అంకెలే ఉన్నాయి.

తేలలేదు. రేపు తేలుతుంది.

నవంబరు 12, బుధవారం

జెర్సీలు మధ్యాహ్నం బస్సులో సత్తుపల్లికి పంపాను. ఆతియా ప్రాక్టీసుకు పోతూ ఒక చీటీ ఇచ్చింది. మేడం చెప్పిన నంబర్లట. జేబులో పెట్టుకున్నాను, పుస్తకంలోకి ఎక్కిద్దామని.

సాయంత్రం వాదన (చర్చ) మంచి పట్టు మీదుండగా శ్రీనివాస్ ఫోను. నంబర్ల లిస్టు పంపమన్నాడు.

"ఆగు, నేను పంపుత," అని ఎబినేజర్ అన్నే పేజీని ఫోటో తీసి పంపాడు. మా ఇద్దరిలో ఫోటో ఆయనకే కుదురుగా వస్తుంది.

నవంబరు 13, గురువారం

బోల్ట్ దగ్గర చిక్కు వచ్చింది. అందరికీ అంకె పెరిగితే గొప్ప, బోల్ట్‌కు తగ్గితే గొప్ప. కాంటా మీద తక్కువ తూగినవాడికి ఎక్కువ ఎట్లా ఇస్తారు? ఎబినేజర్ అన్న మొదటిసారి తడబడ్డాడు. సరిగ్గా అప్పుడే శ్రీనివాస్ ఫోను.

"భాయ్, నంబర్లు జర అజీబ్‌గ ఉన్నయి. గిట్లనే వెయ్యాల్నా?"

"పేజీల ఎట్లుంటె అట్లనే వెయ్. ఊకె ఊకె ఫోన్ చెయ్యకు," అన్నాను. ఆ తడబాటు పంతొమ్మిదేళ్లకు ఒక్కసారి వచ్చింది మరి.

నవంబరు 15, శనివారం

పార్సిల్ రేపు మొదటి బస్సుకు వస్తుంది. ఖతీజా బిర్యానీ చేసింది. "ఈసారి మాట నిలబెట్టుకున్నరు," అంది. వాదన గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆతియా షూ లేసులు ఉతికి ఆరేసింది.

ఈ డైరీ కూడా రేపటితో అవసరం ఉండదనుకుంటాను.

నవంబరు 16, ఆదివారం

ఉదయం 6.10. పార్సిల్ వచ్చింది. టేపు గట్టిగా చుట్టాడు, మంచివాడు.

6.30. జీపు బయలుదేరింది. జట్టు, ఏంజెల్ మేడం, నేను. ఎబినేజర్ అన్న కూడా ఎక్కాడు, తెల్ల చొక్కా వేసుకుని. ఆట చూసి సాయంత్రం భద్రాచలంలోనే చర్చికి పోతాడట.

9.40. గ్రౌండ్‌లో పార్సిల్ విప్పాం. మొదటి జెర్సీ మడత విప్పితే వెనక 99.94 ఉంది. చుక్క కూడా నీటుగా వచ్చింది.

9.41. 800.

9.42. ఆతియా తన జెర్సీ విప్పింది. 555.

"పప్పా, గిదేంది?"

జేబులో చెయ్యి పెట్టాను. చీటీ అక్కడే ఉంది. ఒకటి నుంచి పన్నెండు దాకా, ఆతియా చేతిరాతతో. పిల్ల కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. పోయిన సంవత్సరం చూసినట్టే చూసింది. ఆ చూపు మళ్లీ చూడకూడదనే ఇదంతా మొదలుపెట్టాను.

రెఫరీ రూప్లి మేడం వచ్చింది. ఒక్కో జెర్సీ తిప్పి చూసింది.

"రెండంకెలు దాటొద్దు. ఒక్క నంబరు ఇద్దరికి ఉండొద్దు. చుక్కలైతె అసలే వద్దు. పదిన్నరకు మ్యాచ్. నంబర్లు సక్కగుంటెనే ఆడనిస్త."

సూది, దారం, చిన్న కత్తెర నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. గుడ్డ లేదు. నేను నా చొక్కా చూసుకున్నాను. గళ్ల చొక్కా. తల ఎత్తేసరికి ఎబినేజర్ అన్న గుండీలు విప్పుతున్నాడు.

"ఆ పెన్ను పట్టింది నా చెయ్యే గదా భాయ్. కత్తిరించు."

ఆ చొక్కా నేను కుట్టిందే, ఈస్టరుకు. వీపు భాగంలో పన్నెండు ముక్కలు వచ్చాయి. ఏంజెల్ మేడం మార్కరుతో నంబర్లు రాసింది. ఆయన బనియన్‌తోనే కూర్చుని సూదికి దారం ఎక్కిస్తూ ఉంటే, నేను ప్రింటు అంకెల మీద ఆ ముక్కలు కుడుతూ పోయాను. ఆతియా నా పక్కన కూర్చుని గుడ్డ బిగించి పట్టుకుంది. నాలుగో జెర్సీ దగ్గర నోరు విప్పింది.

"ఈ నంబర్లు ఎవరెవరియి?"

కుడుతూనే ఒక్కొక్కటీ చెప్పాను. అంతా విన్నది.

"పన్నెండుమందిల ఒక్క ఆడామె గూడ లేదా?"

సూది వేలిలో గుచ్చుకుంది.

"పంతొమ్మిదేండ్లల ఒక్కసారన్న యాదికి రాలేదా? మా వీపు మీద మొత్తం మగోళ్లనే ఏసిన్రు."

నేను ఎబినేజర్ అన్న వైపు చూశాను. ఆయన గోదావరి వైపు చూస్తున్నాడు. పంతొమ్మిదేళ్లలో మేమిద్దరం ఒకే మాట మీద ఉండటం అదే మొదటిసారి. ఇద్దరిదీ తప్పే. సిగ్గేసింది. ఊరికే అనడం లేదు, నిజంగా సిగ్గేసింది.

10.28. పన్నెండూ అయ్యాయి. చివరిది ఆతియాది. తొందరలో దానికి నాలుగు కుట్లే పడ్డాయి.

రెండు మ్యాచ్‌లు గెలిచారు. ఫైనల్ దుమ్ముగూడెం మీద. నా కూతురు ఆడటం నేను మొత్తం చూసింది ఇదే మొదలు. ఇన్నేళ్లూ సాయంత్రం ఐదున్నరకు స్కూలు గ్రౌండ్‌లో ఆ పిల్ల ప్రాక్టీసు చేస్తుంటే, నేను షాపులో ఎవరు గొప్ప అని తేలుస్తూ ఉన్నాను.

చివరి రైడ్. నాలుగు పాయింట్లు వెనక ఉన్నారు. ఆతియా వెళ్లింది. ముగ్గురు పట్టుకున్నారు. ఒకమ్మాయి చేతికి వీపు మీది ముక్క దొరికింది. నాలుగు కుట్లు ఎంతసేపు ఆగుతాయి. ముక్క ఊడి ఆ పిల్ల చేతిలో ఉండిపోయింది, ఆతియా పాక్కుంటూ గీత అందుకుంది. మూడు పాయింట్లు. వీపు మీద 555.

ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

సాయంత్రం 4.30. రాష్ట్ర జట్టు సెలెక్షన్ మైకులో చదివారు. సెలెక్టర్లు కాగితం మీద ఏం రాసుకున్నారో అదే చదివారు. దుమ్ముగూడెం, నాలుగు. దుమ్ముగూడెం, తొమ్మిది. ఆ తర్వాత మైకు ఒక్క క్షణం ఆగింది.

"అశ్వారావుపేట. ఐదు వందల యాభై ఐదు."

గ్రౌండ్ అంతా నవ్వింది. తర్వాత చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను. ఎబినేజర్ అన్న బనియన్‌లో నిలబడి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు.

జీపులో ఆతియా నా పక్కనే కూర్చుంది.

"ఈ 555 ఆయన అన్ని మ్యాచ్‌లు ఓడలేదంటివి గదా పప్పా. నేనైతె ఇయ్యాల్నే ఓడిన."

"అవ్ బేటా."

"అయినా ఈ నంబరు తియ్యకు. గట్లనే ఉండనీ."

నవంబరు 17, సోమవారం. ఉదయం 7.10

ఈ రోజు నుంచి వాదన బంద్. ఈసారి పక్కా. రాష్ట్ర పోటీలు డిసెంబరులో. అంతకుముందు ఎబినేజర్ అన్నకు తెల్ల చొక్కా కుట్టాలి. బల్ల మళ్లీ షాపులోకి వచ్చింది. ఖతీజాయే ఒక పక్క పట్టుకుని తెచ్చింది.

సాయంత్రం 5.40. ఎబినేజర్ అన్న వచ్చాడు. కొలతలు తీసుకున్నాను. చేతులు చాపి నిలబడే అన్నాడు.

"నిన్న బిడ్డ మూడు మ్యాచ్‌లల్ల ముప్పై నాలుగు పాయింట్లు తెచ్చింది. రెండో స్థానంల ఉన్న అమ్మాయికి పదకొండు. కాంటా మీద పెడితె బ్రాడ్‌మన్‌కు గూడ అంత తేడా లేదు."

నేను టేపు పళ్లతో పట్టుకుని ఊరుకున్నాను. 5.44 దాకా ఊరుకున్నాను.

"మూడు మ్యాచ్‌లకే లెక్క ఎట్ల కడ్తవ్ అన్నా? న్యాయం అనేది ఒకటుంటది గదా."

"ఎందుకు కట్టొద్దు?"

అది ఎబినేజర్ అన్న గొంతు కాదు. వెనక్కి తిరిగితే ఖతీజా గుమ్మంలో ఉంది, చేతిలో చాయ్ గ్లాసులతో. ఆమె వెనక ఆతియా. ఖతీజా వచ్చి బల్ల మీద కూర్చుంది. పంతొమ్మిదేళ్లలో మా వాదనలోకి మూడో మనిషి రావడం ఇదే మొదలు.

"చెప్పున్రి. ఎందుకు కట్టొద్దు?"

7.40 దాకా సాగింది. నేనే ఓడిపోయాను. కొలతల పుస్తకం తెరిచి, ఖాళీ పేజీలో పన్నెండు గళ్లు గీసి, మొదటి గడిలో నా చేతితో నేనే రాశాను: 34. ఈసారి పక్కన పేరు కూడా రాశాను. మిగతా పదకొండు గళ్లు ఆతియా నింపుతానంది, అందరూ ఆడవాళ్లేనట.

చొక్కా ఇంకా కత్తిరించలేదు.

రేపటి నుంచి వాదన బంద్.