కావాలనే ఆపిన

12 ఫిబ్రవరి 1976, గురువారం. పటాన్‌చెరు.

భట్టీ గడ్డకట్టింది. కరిగిన ఇనుమంతా లోపలే బండరాయి అయిపోయింది. భట్టీలోకి గాలి ఊదే బ్లోయర్‌ను, దాన్ని చూసుకునే కొమురయ్యే ఆపేశాడు. మధ్యాహ్నం అందరం అన్నాలు తినే వేళ, గడియసేపు.

ఆ గడియలో నేనేం చేస్తున్నానో ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. షెడ్డు నీడన నలుగురిని కూర్చోబెట్టి, పేపరు మడతలో దాచిన కరపత్రం చదివి వినిపిస్తున్నాను. యంత్రాన్ని నడిపే చెయ్యే యంత్రాన్ని ఆపగలదు. కార్మికుడు సచేతనంగా, దృఢంగా, ఉక్కు సంకల్పంతో... సరిగ్గా అక్కడ బ్లోయర్ చప్పుడు ఆగింది. నా గొంతు బాగా వినిపిస్తోందని సంతోషించాను. ఇంకా ఆవేశంగా చదివాను.

గాడిదను.

13 ఫిబ్రవరి, ఉదయం

మేనేజర్ వెంకటేశ్వరరావు గారు పిలిచారు. నేను టైమాఫీసు గుమాస్తాను, రిపోర్టులు రాసేది నేనే. ఏవయ్యా విశ్వేశ్వర్, రైల్వే బ్రేకుల ఆర్డరు ఆగిపోయింది, ఇది నిర్లక్ష్యంగా జరిగింది కాదు, ఉద్దేశపూర్వకంగా చేసిందే, ఎమర్జెన్సీలో రైల్వే పని చెడగొట్టడమంటే ఏమిటో తెలుసుగా అన్నారు.

తెలుసు. నిర్లక్ష్యంగా ఆపాడని రాస్తే కంపెనీ రైల్వేకి సంజాయిషీ చెప్పుకోవాలి. కొమురయ్య ఉద్యోగం పోతుంది, అంతే. కావాలని ఆపాడని రాస్తే కంపెనీ చేతులు దులుపుకుంటుంది, కొమురయ్య జైలుకి పోతాడు. ఎప్పటికి బయటికొస్తాడో ఎవరూ చెప్పలేరు.

సోమవారం ఎంక్వైరీ. ఎస్సై కూడా వస్తాడట.

ఎవరైనా రాజకీయాలు నూరిపోశారేమో కనుక్కో అని కూడా మేనేజరు అన్నారు. నా మొహం చూస్తూ అన్నారా, కిటికీలోంచి చూస్తూ అన్నారా? పొద్దుటి నుంచీ అదే గుర్తుతెచ్చుకుంటున్నాను.

అదే రోజు, సాయంత్రం

కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టాను. చెమ్మగిల్లి ఉన్నాయి, మంట రాలేదు, పొగే. ఇంటి ఓనరు సావిత్రమ్మ వచ్చి, ఏం వండుతున్నవ్ నాయనా గింత పొగ, కూర మాడిపాయె సూస్కో అంది. అవునమ్మా మాడింది అన్నాను. నీకెవ్వలు పిల్లనిస్తరో అని దగ్గుకుంటూ పోయింది.

14 ఫిబ్రవరి

అమీన్‌పూర్ వెళ్లాను, కొమురయ్య ఇంటికి. నిరుటిదాకా సేద్యం చేసిన మనిషి. ఫ్యాక్టరీ గేటున్న చోట ఇతని జొన్నచేను ఉండేది. భూమికి బదులు ఉద్యోగం ఇచ్చారు.

ఎందుకు ఆపావని అడిగాను. మోటరు మీద చెయ్యి పెట్టిన చిన్నసేటూ, సుర్రుమంది, పొద్దుగాలసంది గుంజుతనే ఉన్నది పాపం, ఎద్దు నోట్లె నురుగొస్తె కాడి ఇడ్వమా, గట్లనే జెరసేపు ఇడిస్తి అన్నాడు. మా నాయనకు సంగారెడ్డిలో కిరాణా దుకాణం ఉందని వీళ్లంతా నన్ను చిన్నసేటూ అంటారు. ఆ మాటంటే నాకు ఒళ్లుమంట. ఇవాళ మంట కూడా రాలేదు.

అది ఎద్దు కాదు, మోటారు అని అరిచాను. ఎద్దు గాదని నాకెర్క లేదా, ఎద్దయితే నీళ్లు వెడుదును గదా అని నవ్వాడు. భట్టీకి గాలి ఆగితే ఇనుము గడ్డకడుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. బటన్ నొక్కడం చూపించి వదిలేశారు.

కునుకు పట్టిందని చెప్పు, పరాకుగా చెయ్యి తగిలి ఆగిపోయిందని నేను రాస్తాను అన్నాను. నవ్వు పోయింది. పని కాడ కునుకు తీసేటోన్నా నేను, పుట్టినకాంచి ఏ పనన్న సోయి లేకుంట చేసిన్నా, సూసిన, ముట్టిన, మనసుల అనుకున్న, కావాలనే ఆపిన అన్నాడు. పొయ్యి దగ్గర్నుంచి అతని భార్య కౌసల్యమ్మ, ఆ పౌరుషం జైల్ల కూడు వెడ్తదా ముసలోడా అని తిట్టింది. నాయనా సదువుకున్నోనివి, నువ్వన్న జెర గట్టిగ చెప్పు అని నన్ను బతిమాలింది.

చెప్పాను. వినలేదు.

సచేతనంగా అన్న మాట కరపత్రాల్లో కనబడితే ఎర్ర పెన్సిలుతో గీత గీసేవాణ్ణి. ఆ మాటకు తగిన మనిషిని ఇవాళ పరాకుగా అని చెప్పమని వేధించి వచ్చాను. అతన్ని కాపాడటానికే అని దారంతా చెప్పుకున్నాను. కాదు. ఎవరు నేర్పారురా అని పోలీసులు అడుగుతారు. షెడ్డు నీడన విన్న నలుగురిలో ఎవరైనా నా పేరు చెప్పొచ్చు.

15 ఫిబ్రవరి

ఇంటి ముందు జీపు ఆగింది. దడేల్మని తలుపు గడియ పెట్టాను. చూస్తే, దిగింది సావిత్రమ్మ అల్లుడు.

16 ఫిబ్రవరి, సోమవారం

వరసగా రాయాలి.

మేనేజరు గదిలో ఎస్సై కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నేను మూల బల్ల దగ్గర, కాగితాలతో. కొమురయ్య చెప్పులు బయట విడిచి వచ్చాడు. కునుకు పట్టిందా అని మేనేజరే అడిగారు. లేదు సారు, కావాలనే ఆపిన అన్నాడు, ఏదో మంచి పని ఒప్పుకున్నట్టు.

ఎవడ్రా చెప్పింది నీకు అన్నాడు ఎస్సై.

నా అరచేయి చెమటకు కాగితం అంటుకుంది. కొమురయ్య మా నాయిన చెప్పిండు సారు అన్నాడు. యాడుంటడు మీ నాయిన? సచ్చి శాన ఏండ్లాయె సారు. ఎస్సై పొట్ట పట్టుకుని నవ్వాడు. కొమురయ్య ఎద్దు సంగతి చెప్పాడు, కాడి విడవడం సంగతి చెప్పాడు. మోటారుకు నీళ్లు గూడ తాపకపోయినవా అని ఎస్సై ఇంకా నవ్వాడు. గండం గడిచిందనుకున్నాను.

రాయవయ్యా విశ్వేశ్వర్ అన్నారు మేనేజరు. ఉద్దేశపూర్వకంగా ఆపినట్టు ఒప్పుకున్నాడు. ఎద్దుల గొడవ మనకెందుకు, ఒక్క ముక్కలో రాయి అన్నారు.

నోరు తెరిచాను. అతనికే పాపమూ తెలియదని పొద్దున అద్దం ముందు ఎంత అరిచాను నేను! ఎస్సై నవ్వు ఆపి నా వైపు తిరిగాడు. ఏం పిలగా, నీకేమన్న తెలుసా అన్నాడు.

తెలియదు సార్ అన్నాను.

రాశాను. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా వచ్చాయి. అంత శ్రద్ధగా నేనెప్పుడూ రాయలేదు.

వేలిముద్ర వేస్తూ కొమురయ్య మెల్లగా, అన్ని రాసినవా బిడ్డా, ఎద్దు సంగతి సుత రాసినవా అన్నాడు. తల ఊపాను.

జీపు ఎక్కించారు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

17 ఫిబ్రవరి

జ్వరమని పనికి పోలేదు. జ్వరం లేదు.

18 ఫిబ్రవరి

కౌసల్యమ్మ వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. సంగారెడ్డి జైలుకి పోయి అతన్ని చూసొచ్చిందట. చిన్నసేటు అన్ని మంచిగ రాసిండు, రేపు కోర్టుల అది సదువుతరు, సదివితె ఇడిచిపెడ్తరు, నువ్వు పరేషాన్ గాకు అని అతనే చెప్పి పంపాడట. నిజమేనా నాయనా అంది.

కాదని చెప్పాను. కాగితంలో ఎద్దు లేదన్నాను. నేనే రాయలేదన్నాను. కరపత్రం సంగతీ చెప్పాను. అది నేను చదువుతుంటే అతను అక్కడ లేడు, బ్లోయర్ దగ్గర ఉన్నాడు. అతనికి ఎవరూ నూరిపోయలేదని, ఎద్దు మాట నేనే వదిలేశానని సాక్ష్యం చెప్పగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. చెబితే నన్నూ జైల్లో ఉంచేసుకుంటారు.

ఆమె అరవలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. మరి రేపు కోర్టుకు పోతవా అని అడిగింది. పొద్దుగాల రొట్టెలు తెస్తా, పోతె ఆయనకియ్యి, పోకుంటె నువ్వు తిను అని వెళ్లిపోయింది.

19 ఫిబ్రవరి, పొద్దున ఏడు

సంగారెడ్డి బస్సు కోసం నిలబడి రాస్తున్నాను. చంకలో జొన్నరొట్టెల మూట వెచ్చగా ఉంది. ఇవాళ బస్సు చెడిపోతే బాగుండును.

వస్తోంది. రొట్టెలు అతనికే. ఎక్కుతాను.