బెస్ట్ అన్న మాట

సుభద్రా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

ఇవాళ ఉదయం అమలాపురం కోర్టు గుమాస్తాగారు ఇంగ్లీషు పాఠానికి వచ్చి, ‘బెస్ట్’ అంటే ఏమిటని అడిగారు. అన్నిటిలోకీ మంచిదని, ఎన్ని ఉన్నా ఒక్కదానికే ఆ మాట చెల్లుతుందని చెప్పాను.

“అయితే అన్నీ చూసినవాడే ఆ మాట అనాలన్నమాట. ఆయ్, బాగుందండీ మాస్టారూ,” అన్నారాయన.

ఆయన వెళ్ళాక, తద్దినం వంటకని వచ్చిన నీ చెల్లెలు అడిగింది. “బావగారూ, అక్కకి కూరలన్నిట్లోకీ ఏదిష్టమండీ? రేపు అదే చేస్తాను.”

మద్రాసు వెళ్ళి చదువుకున్నవాణ్ణి. నువ్వు అడిగిన ప్రతి మాటకూ అర్థం చెప్పేవాణ్ణి. దీనికి మాత్రం, “నువ్వే చెప్పమ్మా,” అన్నాను. పన్నెండేళ్ళు నేను తిని లేచిన విస్తట్లోనే, నేను మిగిల్చినవాటితో నువ్వు భోంచేశావు. నువ్వు తింటుంటే నేను ఒక్కనాడూ కూర్చుని చూడలేదు.

“అప్పుడే మర్చిపోయేరా! పనసపొట్టు కూరండీ. పుట్టింటికొస్తే ఇంకోటి ముట్టేదా!” అంది.

కొత్త కాలవ మీద వచ్చే పడవలో కొత్తపేట నుంచి లేత కాయ తెప్పించాను. ఇప్పుడు పెరట్లో పొట్టు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆ కూరంటే నాకూ ప్రాణం. విస్తట్లో ఎప్పుడూ మిగల్చలేదు.