బకెట్‌కు కట్టిన బంతిపూల దండ

సునీత నాయినా,

నువ్వు లేకుంట వచ్చిన మొదటి దసరా ఇది. పొద్దుగాల నీ తమ్ముడు ట్రాక్టర్ కడిగి, వెనకున్న తవ్వే చెయ్యి పైకి లేపి, నీ లెక్కనే బకెట్‌కు బంతిపూల దండ కట్టిండు. ఇంజన్ బంద్ చేసినం. మధ్యాహ్నం చూస్తే బకెట్ దానంతటదే కిందికి దిగి దండ నేలకు ఆనింది!

ఆ చెయ్యిని లేపే ఆయిల్ సిలిండర్ల సీలు మొన్ననే కొత్తది ఏయించినం. బయటికి ఆయిల్ చుక్క సుత కారుతలేదు. మరి వాల్వు లోపల ఆయిల్ జారుతుందా? నాకెట్ల తెలుస్తది? నువ్వుంటే పైపు విప్పి చూసి చెప్పేటోనివి.

రేపు సీతాఫల్‌మండిల డ్రైనేజీ గుంత తవ్వాలె. ఆ బకెట్ కిందనే కూలీలు దిగుతరు.

"ఏం గాదు వదినా, పరేషాన్ గాకు" అంటుండు నీ తమ్ముడు.

తాళంచెవి నా కొంగుకు కట్టుకున్న. మెకానిక్ వచ్చి చూసేదాంక ఇయ్య. ఆ దినం బకెట్ కిందికి పోతూ నువ్వు సుత గిదే మాటన్నవు.