అనూహ్య సిస్టర్ చేతివాటం

ఎల్లారెడ్డి,
2025 జూలై 3.

మేనేజరు ప్రేమ్‌కుమార్ గారికి సుగుణమ్మ నమస్కారం.

ఫోన్ చేస్తే "చూద్దాం అవ్వా" అని పెట్టేస్తున్నరు. ఉత్తరాన్ని అట్ల పెట్టేయలేరని ఇది రాస్తున్న. మీ నర్సింగ్ హోంలో పనిచేసే అనూహ్య నా మనవరాలు. మూడేండ్లు నర్సు చదువు చదివి, పరీక్ష పాసై, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నది. నిన్న ఆమె జీతం చీటీ చూసిన. దాని మీద "హెల్పర్" అని ఉన్నది. జీతం కూడా హెల్పర్‌దే. సూది వేసేటప్పుడు నర్సు, జీతమిచ్చేటప్పుడు హెల్పర్ ఎట్ల అయితది?

ఇట్లు,
సుగుణమ్మ, రిటైర్డ్ లెక్కల టీచరు.

తా.క. మీ చీటీలో కూడిక తప్పు. మాకు ఇరవై రూపాయలు ఎక్కువ ఇచ్చిన్రు. ఈ కవర్లోనే వాపసు పంపుతున్న.

*

కామారెడ్డి,
జూలై 8.

పెద్దలు సుగుణమ్మ అవ్వకు ప్రేమ్‌కుమార్ దండాలు.

"హెల్పర్" అన్నది కంప్యూటర్లో ఉన్న మాట, మా మనసులో ఉన్న మాట కాదు. అనూహ్య మాకు ఇంటిపిల్ల లెక్క. అందుకే బిల్లు కౌంటరు, ఆయమ్మ రాకుంటే వార్డు తుడుచుడు, డాక్టరు గారు ఊర్లో లేకుంటే కుట్లు వేసుడు, అన్నీ ఆమె మీదనే. మా స్టాఫ్ అందరిలో ఆమెకే చేతివాటం ఎక్కువ. ఈ సంగతి పిట్లం నుంచి వచ్చే పేషెంట్లకు కూడా తెలుసు.

మీ విధేయుడు,
ప్రేమ్‌కుమార్.

తా.క. జీతం సంగతి చూద్దాం అవ్వా.

*

ఎల్లారెడ్డి,
జూలై 11.

ప్రేమ్‌కుమార్‌కు,

"గారు" తీసేసిన, గమనించండి.

మా పిల్లకు చేతివాటమా? ఏం ఎత్తుకపోయింది? దూదా, సిరంజీలా? పైగా పిట్లం దాకా చాటించిన్రా! ఏ వస్తువు పోయింది, ఎవరు చూసిన్రు, కాగితం మీద రాసి పంపండి. లేకుంటే క్షమాపణ రాయండి.

ఇంకో మాట. కుట్లు వేయిస్తున్నట్టు మీరే ఒప్పుకున్నరు. దర్జీ కూడా ఊరికే కుట్టడు. ఇకమీద కుట్టుకింత అని కట్టివ్వండి.

సుగుణమ్మ.

తా.క. దర్జీ రేటు పెట్టకండి. బట్ట కేకలు పెట్టదు.

*

కామారెడ్డి,
జూలై 16.

అవ్వా, కాళ్లు మొక్కుతా.

మా బాపు మాచారెడ్డిలో నాగలి బాగ పట్టేటోళ్లను "చేతివాటం ఉన్నోడు" అని మెచ్చుకునేటోడు. పనితనం అనుకొని రాసిన. దానికి దొంగతనమనే అర్థం కూడా ఉన్నదని మీరు తిట్టినంకనే తెలిసింది.

కుట్టుకు యాభై రూపాయలు ఒప్పుకున్న. మొదటి గిరాకీ నేనే అయిన. నిన్న సీసా పగిలి అరచెయ్యి తెగింది. డాక్టరు గారు హైదరాబాద్‌ల ఉన్నరు. "ఏసెయ్యి బిడ్డా, యాభై లెక్కన ఇస్త" అన్న. ఆమె గాయం కడిగి, గట్టిగ కట్టు కట్టి, "సార్, ఇది లోతు గాయం. నరం తెగిందో లేదో డాక్టరు చూడాలె. నా పని ఈడిదాకనే" అని ఆటో ఎక్కించి సర్కారు దవాఖానకు పంపింది. నరం నిజంగనే తెగిందట, అక్కడి డాక్టరు దాన్ని కలిపి కుట్టిండు. చూడకుండ పైపైన కుట్టేసి ఉంటే వేలు వంగకపోవునట. అయినా, డబ్బులిస్తనంటే కూడా వద్దనుడేంది అవ్వా? మీరే నేర్పిన్రా?

ప్రేమ్‌కుమార్.

తా.క. చెయ్యికి కట్టున్నది కాబట్టి నేను చెప్తుంటే ఈ ఉత్తరం అనూహ్యనే రాస్తున్నది. రాతపని కూడా నర్సు పని కాదంటున్నది. ఆ ముక్క కూడా ఆమెనే కలిపింది.

*

ఎల్లారెడ్డి,
జూలై 19.

ప్రేమ్‌కుమార్ గారికి,

"గారు" తిరిగి ఇచ్చిన. చేతివాటం కేసు కొట్టేసిన.

నేనేం నేర్పలేదు. పోయిన ఆదివారం ఇంటికి వచ్చి, మీకు రాసిన ఉత్తరం సంగతి విని నా మీదికే లేచింది. "అవ్వా, కుట్టుకు పైసలు అడగమని నీకెవరు చెప్పిన్రు? నాది కాని పనికి రేటు పెడితే అది నా పనై కూసుంటది. ఎవరి చెయ్యన్న చెడితే పోయేది నా లైసెన్సు. నాదైన పనికి నర్సు జీతం అడుగు, చాలు" అన్నది.

ఇన్నేండ్లు బడిల లెక్కలు చెప్పిన. కూడవలసిన కాడ కూడిన, కానీ తీసేయవలసిందొకటి ఉన్నదని నా మనవరాలు దిద్దింది. అప్పటి నుంచి వీధిల ఎవరు ఎదురైతే వాళ్లకు చెప్తున్న.

ఇట్లు,
అనూహ్య నాయనమ్మ సుగుణమ్మ.

తా.క. ఇగ జరగవలసినవి:

1. కుట్టుకు యాభై అన్న ఒప్పందం రద్దు. డాక్టరు పని డాక్టరే చేయాలె.
2. వార్డు తుడవ ఇంకో ఆయమ్మను, బిల్లుకు ఒక మనిషిని పెట్టండి.
3. "హెల్పర్" కొట్టేసి "నర్సు" అని రాయండి, జీతం కూడా అట్లనే మార్చండి. అదే చదువు చదివి మీ దగ్గరనే హెల్పర్ జీతానికి పనిచేస్తున్న నవతకు, కృపాజ్యోతికి కూడా.
4. ముగ్గురి కొత్త చీటీల మీద సంతకాలు, అనూహ్య కాపాడిన ఆ చేత్తోనే పెట్టండి.